పెద్ద హిట్టు పక్కన పెట్టండి

మీ బ్యాండ్ పాటల్లో జనం మళ్ళీ మళ్ళీ అడిగేది ఏదో, ముందు దాన్ని జాబితాలోంచి కొట్టేయండి. గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమ్ పని అక్కడే మొదలు కావాలి. సూరత్ లింబాయత్‌లో గిటారు పట్టిన తెలుగు కుర్రాళ్ళకి నేను చెప్పే మొదటి సలహా ఇదే. మార్కెట్ తెలిసినవాళ్ళు వింటే ఇతనికి మతి చలించిందంటారు. అననివ్వండి, నా దగ్గర లెక్క ఉంది.

అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ ఏదంటే చాలామంది మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పేరు చెప్తారు. 2018 ఆగస్టులో అక్కడి రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఆ స్థానాన్ని ఈగల్స్ బ్యాండ్ 'దెయిర్ గ్రేటెస్ట్ హిట్స్ 1971–1975'కి ఇచ్చింది. 38 సార్లు ప్లాటినం. ఒక్కో ప్లాటినం పది లక్షలు, మొత్తం 3 కోట్ల 80 లక్షలు. అందులో ఉన్నవి పది పాటలే. ఆ పదింట్లో 'హోటల్ కాలిఫోర్నియా' లేదు. ఈగల్స్ పేరెత్తగానే ఎవరి నోటికైనా వచ్చే పాట అది.

ఆల్బమ్ 1976 ఫిబ్రవరిలో వచ్చింది, పాట అదే ఏడు డిసెంబరులో వచ్చింది, ఇక ఎలా ఉంటుంది అని మీరడుగుతారు. నిజమే. కానీ ఆ తర్వాత నలభై ఏళ్ళపాటు ఆ ఆల్బమ్ కొన్నవాళ్ళకి ఆ పాట తెలియకుండా ఉందా? తెలుసు. అది ఇందులో లేదనీ తెలుసు. అయినా కొన్నారు. పెద్ద హిట్టు ఎలాగూ జనం చెవుల్లో కాపురముంటుంది, దానికి మళ్ళీ మీ ఆల్బమ్‌లో గది కట్టక్కర్లేదు. ఆ చోటు ఇంకో పాటకి ఇవ్వండి. ఆ పదింట్లో 'డెస్పరాడో' అనే పాట ఒకటుంది. దాన్ని ఎన్నడూ విడిగా సింగిల్‌గా విడుదల చెయ్యలేదు, అంటే హిట్టు అనడానికి కొలమానమే లేదు. అయినా హిట్ల మధ్య కూర్చోబెట్టారు. ఈ రోజు ఈగల్స్ పాటల్లో జనం ప్రాణంగా చూసుకునే వాటిలో అదొకటి. చోటిస్తే పాట నిలబడుతుందనడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇంతకీ గ్రేటెస్ట్ హిట్స్ ఆల్బమ్ ఎవరి కోసం? మీ పాటలన్నీ ఇప్పటికే వినేసిన అభిమాని కోసం కాదు. మీ గురించి ఇదొక్కటే వినబోయే మనిషి కోసం. లింబాయత్‌లో అలాంటి మనిషి ఎవరో నాకు బాగా తెలుసు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి సూరత్ వచ్చిన పద్మశాలి కుటుంబాల్లో మూడో తరం పిల్లవాడు. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, హిందీ, మార్కెట్లో గుజరాతీ. సూరత్ మునిసిపాలిటీ నడిపే తెలుగు మీడియం బడిలో అక్షరాలు దిద్దుకున్నాడు. తాతల ఊరు వేసవి సెలవుల్లో నవజీవన్ రైలెక్కి వరంగల్‌లో దిగితేనే కనిపిస్తుంది. తెలుగులో రాక్ అంటూ ఒకటుందని అతనికి తెలిసేది మీ ఆల్బమ్ వల్లే కావచ్చు. బేరానికి వచ్చినవాడికి బట్ట తాకాలో బాగా నేసిన మీటరొక్కటి కోసి చూపించే సేఠ్ పని అతని దగ్గర చెయ్యకూడదు. మీరేమిటో అతనికి నిజం చెప్పాలి. నా తక్కిన సలహాలన్నీ ఇందులోంచే వచ్చాయి.

అంకెలు చూడకండి

యూట్యూబ్‌లో ఏ పాటకి ఎన్ని వ్యూలు వచ్చాయో వరసగా రాసుకుని పైనుంచి పన్నెండు తీసుకోవడం సులువైన దారి. దానికన్నా చెడ్డ దారి లేదు.

బీటిల్స్ వాళ్ళ '1' అనే ఆల్బమ్ 2000 నవంబరులో వచ్చింది. బ్రిటన్‌లో గానీ అమెరికాలో గానీ మొదటి స్థానానికి చేరిన పాటలే అందులో ఉండాలని నియమం. అలా 27 పాటలు తేలాయి. ఆ నియమం ఎలాంటి అన్యాయం చేసిందో చూడండి. 1967 ఫిబ్రవరిలో వాళ్ళు ఒకే రికార్డుకి ఒక పక్క 'పెన్నీ లేన్', ఇంకో పక్క 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' వేశారు. రెండూ సమానమే, ముందు పక్క వెనక పక్క అన్న తేడా లేదు. బ్రిటన్‌లో ఆ రికార్డు రెండో స్థానంలో ఆగిపోయింది. ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పాడిన ఒక పాట మొదటి స్థానం వదల్లేదు. అమెరికాలో 'పెన్నీ లేన్' మొదటి స్థానానికి వెళ్ళింది, 'స్ట్రాబెరీ ఫీల్డ్స్' ఎనిమిదో స్థానం దాకానే వెళ్ళింది. అంతే, '1'లో ఒకటుంది, రెండోది లేదు. ఆ రోజుల్లో రాక్ సంగీతం ఎంత దూరం వెళ్ళగలదో చూపించిన పాట బయటే నిలబడింది. అంకె చేసిన పని అది.

మీ పాటకి పదివేల వ్యూలు వచ్చి ఉండొచ్చు, రెండు వందలే వచ్చి ఉండొచ్చు. ఆ రెండు వందల్లో ఒకే మనిషి ఎన్నిసార్లు విన్నాడో, ఎందుకు విన్నాడో ఏ అంకే చెప్పదు.

సాంచాల మధ్య విని చూడండి

పాటల ఎంపికకి స్టూడియో తగిన చోటు కాదు. అక్కడ ప్రతి పాటా బాగుంటుంది. ఫోన్ తీసుకుని కార్ఖానాకి వెళ్ళండి. కిటికీ గట్టు మీద పెట్టి, పూర్తి వాల్యూమ్‌లో పాట వేసి, నాలుగు సాంచాల అవతల నిలబడండి. మనిషి పక్కన నిలబడి మాట్లాడితే వినబడని చోటు అది. అక్కడ పనిచేసేవాళ్ళు సైగలతోనే మాట్లాడుకుంటారు. పన్నెండు గంటల పాళీ. పగటి పాళీ వాడు దిగితే రాత్రి పాళీ వాడు ఎక్కుతాడు, సాంచా మాత్రం ఆగదు. మన జనం పాటలు వినే చోటు ఇదే అయినప్పుడు మన పాటలకి పరీక్ష ఇంకెక్కడ పెడతాం?

ఆ మోతలో ముందు మాటలు పోతాయి. తర్వాత బేస్ గిటారు పోతుంది. సన్నని తాళాల మోత సాంచా మోతలో కలిసిపోతుంది. చివరికి మిగిలేది నడిమి స్థాయిలో సాగే రాగం, పదే పదే వచ్చే పల్లవి. అవి మిగిలాయా లేదా అన్నదే పరీక్ష. పాత రకం సాదా సాంచా నిమిషానికి 120 నుంచి 160 పిక్కులు కొడుతుంది. రాక్ పాటలు చాలావరకు నడిచే వేగం కూడా దాదాపు అదే. పాట వేగం సాంచా వేగానికి దగ్గరగా ఉండి ఒక్క పిసరు తేడా ఉంటే రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. అలాంటి పాట ఎంత గొప్పదైనా అక్కడ బతకదు, వదిలేయండి. క్వీన్ వాళ్ళ 'వీ విల్ రాక్ యూ' వేసి చూడండి. నిమిషానికి 81 దెబ్బల నడక. డ్రమ్ములు లేవు. కాళ్ళతో నేల తొక్కి, చేతులు చరిచి రికార్డు చేశారు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంది కాబట్టి సాంచాల మధ్య కూడా తల ఎత్తుకుని నిలబడుతుంది. ఈ మధ్య సూరత్‌లో రేపియర్, వాటర్‌జెట్ మగ్గాలు బాగా పెరిగాయి, వాటి వేగం వేరు. అక్కడ కూడా ఒకసారి వేసి చూడండి. రెండు చోట్లా నిలిచిన పాట ఈ పరీక్ష గెలిచినట్టే.

రెండో పరీక్ష ఇళ్ళలో పెట్టాలి. లింబాయత్ గల్లీల్లో ఆడవాళ్ళు చీరల మీద రాళ్ళు అంటిస్తూ, లేసులు కుడుతూ కూర్చుంటారు. చేతులకి పని ఉంటుంది కానీ చెవులు ఖాళీగానే ఉంటాయి. కార్ఖానాలో పోయిన మాటలన్నీ ఇక్కడ వినబడతాయి. ఏ మాట దగ్గర చెయ్యి ఆగిందో గమనించండి. పాట బాగుందా వదినా అని అడగకండి, మర్యాదకి బాగుందనే అంటారు. చెయ్యి మర్యాదకి ఆగదు. కార్ఖానా ఒక పాటని ఒప్పుకుని ఇల్లు ఒప్పుకోకపోతే ఇంటి మాటే తీసుకోండి. రాగం రేపు ఇంకొకటి దొరుకుతుంది, అంత మంచి మాట దొరకడం కష్టం.

ఈ రెండు పరీక్షల తర్వాత అభిమానుల ఓటింగు పెట్టాలా అని అడగొద్దు. పెట్టకూడదు. అభిమాని మీ మీద ప్రేమతో ఓటేస్తాడు, పాట మీద కాదు.

డ్రమ్మర్ పాట ఒకటి ఉండి తీరాలి

క్వీన్ 'గ్రేటెస్ట్ హిట్స్' 1981లో వచ్చింది. బ్రిటన్‌లో ఇంతకన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ ఇంకోటి లేదు. 2022లో 70 లక్షల కాపీలు దాటింది. బ్రిటిష్ ప్రతిలో 17 పాటలు. ఫ్రెడ్డీ మెర్క్యురీ రాసినవి ఉన్నాయి, బ్రయాన్ మే రాసినవి ఉన్నాయి, బేస్ వాయించే జాన్ డీకన్ రాసినవి రెండున్నాయి. డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసింది ఒక్కటీ లేదు. దాదాపు అన్ని పాటల్లోనూ అతని డ్రమ్ములున్నాయి, అతని పాట లేదు. మూడేళ్ళు తిరక్కుండానే, 1984లో, అదే టేలర్ రాసిన 'రేడియో గా గా' వచ్చింది. 1981లో అతని సంగతి ఎవరో కాస్త ఆలోచించి ఉండాల్సింది.

అతనికి అంతకుముందే ఒక కథ ఉంది. 1975లో 'బొహీమియన్ రాప్సొడీ' రికార్డుకి వెనక పక్క వేసింది టేలర్ పాటే, కారు మీద ప్రేమతో రాసుకున్నది. రికార్డు అమ్మితే రెండు పక్కల పాటల రచయితలకీ సమానంగా డబ్బు వస్తుంది. జనం ముందు పక్క కోసమే కొన్నా, వెనక పక్క రాసినవాడికీ అంతే అందింది. దాని మీద బ్యాండ్‌లో చాలాకాలం మనస్పర్థలు నడిచాయి. 1989 నాటి ఆల్బమ్‌లో పాటలన్నిటికీ నలుగురి పేర్లూ కలిపి వేసేదాకా ఆ లెక్కలు తెగలేదు. పాటల ఎంపికలో సగం గొడవ డబ్బుదే. పాట ఎంపికైతే రాసినవాడికి ఏళ్ళ తరబడి రాయల్టీ వస్తుంది, కాకపోతే రాదు. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక పాట రాసినవాళ్ళకీ స్వరం కట్టినవాళ్ళకీ ఆ హక్కు గట్టిపడింది. కాబట్టి ఎంపికకి కూర్చునే ముందే ఒక కాగితం రాసుకోండి: ఆల్బమ్‌లో ఎవరి పాటలెన్ని ఉన్నా, వచ్చిన డబ్బు అందరికీ సమానం. ఆ కాగితం మీద సంతకాలయ్యాకే పాటల మాట ఎత్తండి.

బీటిల్స్ వాళ్ళ ఎర్ర ఆల్బమ్ (1962–1966) మొదట 1973లో వచ్చినప్పుడు అందులో 26 పాటలూ లెనన్, మెకార్ట్‌నీ రాసినవే. జార్జ్ హారిసన్ రాసింది ఒక్కటీ లేదు. 2023లో దాన్ని మళ్ళీ వేసినప్పుడు 12 పాటలు చేర్చారు, హారిసన్ పాటలు అప్పుడు వచ్చాయి. యాభై ఏళ్ళు పట్టింది. హారిసన్ 2001లోనే పోయాడు.

మీ బ్యాండ్‌లో డప్పు కొట్టేవాడు ఎప్పుడో ఒక పాట కట్టి ఉంటాడు. అది బాగా లేకపోయినా పెట్టండి.

కోపం పాటని తీసేయకండి

ఈ సలహా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మిగతావన్నీ తప్పినా ఇదొక్కటి తప్పకూడదు.

బాబ్ మార్లే 1981లో పోయాడు. మూడేళ్ళకి, 1984లో, ఐలాండ్ రికార్డ్స్ 'లెజెండ్' అని 14 పాటల ఆల్బమ్ తెచ్చింది. ఎంపిక చేసినవాడు డేవ్ రాబిన్‌సన్. మార్లేని ఉద్యమకారుడిగా చూసి దూరం జరిగే తెల్ల శ్రోతల్ని దగ్గరకి తేవాలన్నది అతని ఉద్దేశం. అందుకని ప్రేమపాటలు, ధైర్యం చెప్పే పాటలు ముందుకొచ్చాయి. పోరాటం పాటలు కొన్నే మిగిలాయి. ఎంపిక తెలివైనదే, రెగే సంగీతంలో అంతగా అమ్ముడైన ఆల్బమ్ ఇంకొకటి లేదు. కానీ 1979లో మార్లే తెచ్చిన 'సర్వైవల్' ఆల్బమ్‌లోంచి ఆ 14లో ఒక్క పాట కూడా లేదు. అందులోనే 'జింబాబ్వే' పాట ఉంది. 1980 ఏప్రిల్‌లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన వేడుకలో మార్లే స్వయంగా వెళ్ళి పాడాడు. ఒక కళాకారుడి పాట ఒక దేశం పుట్టిన రాత్రి అక్కడ మోగింది, అయినా అది అతని గొప్ప పాటల్లో లేదు. 'లెజెండ్' ఒక్కటే విన్నవాళ్ళు కోట్లమంది ఉన్నారు. వాళ్ళకి తెలిసిన మార్లే సముద్రం ఒడ్డున నవ్వుతూ కూర్చున్నవాడు. అది అబద్ధం కాదు, సగమే. సగం మనిషిని ఇచ్చి పూర్తి డబ్బు తీసుకోవడం నాకు నచ్చదు.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. గద్దర్‌ది రాక్ బ్యాండ్ అనొచ్చా అని సందేహించేవాళ్ళున్నారు. నేను అనొచ్చనే అంటాను. ముందు ఒక గొంతు, వెనక కోరస్, డప్పు, డోలక్, కాళ్ళకి గజ్జెలు, భుజాన గొంగడి, ఎదురుగా వేలమంది. ఆయన దళం జననాట్యమండలి వేదిక మీద ఉన్నంత ఊపు, ఉన్నంత తెగింపు నేను ఏ రాక్ కచేరీలోనూ చూడలేదు. రేపు ఎవరైనా గద్దర్ గొప్ప పాటలని ఒక ఆల్బమ్ వేస్తే ఏమవుతుందో ఊహించండి. 1995 నాటి 'ఒరేయ్ రిక్షా' సినిమాలో ఆయన రాసిన అన్నాచెల్లెళ్ళ పాట తప్పకుండా ఉంటుంది, ఉండాలి కూడా. దానికి నంది అవార్డు వస్తే ఆయన తీసుకోలేదు. తెలంగాణ ఉద్యమంలో ఊరూరా మోగిన పాటలుంటాయి. అమ్మ మీద పాటలుంటాయి. ఇక కూలి రేట్ల మీద, దొరల మీద, లాకప్ చావుల మీద కట్టిన పాటలు? వాటిని ఇప్పుడెందుకులే అంటారు. 1997లో ఆయన మీద కాల్పులు జరిగాయి, తూటా ఒకటి చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. ఆ తూటాకి కారణమైన పాటల్ని తీసేస్తే మిగిలేది గద్దర్ ఎలా అవుతాడు? 2023 ఆగస్టు 6న ఆయన పోయారు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే సినిమా అవార్డులకి ఆయన పేరు పెట్టారు. పేరు పెద్దదయ్యేకొద్దీ కోపం పాటలు పక్కకి జరుగుతాయి. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీ పాటల్లో పగారు (జీతం) కోత మీద ఒకటి ఉంటుంది. వానాకాలం మీఠీ ఖాడీ పొంగి ఇళ్ళలోకి నీళ్ళొస్తే రాసింది ఒకటి ఉంటుంది. అలాంటిది పెడితే స్పాన్సరు దొరకడని ఎవరో అంటారు. స్పాన్సరు లేకుండా వేయండి. తక్కువ కాపీలు వేయండి. ఆ పాటని మూడో స్థానంలో పెట్టండి, అప్పుడు దాటేసి ముందుకి వెళ్ళేవాడు కూడా సగం వినేస్తాడు.

వెళ్ళిపోయినవాణ్ణి అడగండి

బ్యాండ్‌లోంచి ఒకడు వెళ్ళిపోతాడు. ప్రతి బ్యాండ్‌లోనూ జరిగేదే. ఎంపికకి కూర్చునేటప్పుడు అతని పాటలు తగ్గించాలని ఉన్నవాళ్ళకి అనిపిస్తుంది. దానికి తలకిందులుగా, జాబితా మొదట అతని చేతికే ఇవ్వండి. 2001లో పింక్ ఫ్లాయిడ్ 'ఎకోస్' అని 26 పాటల ఆల్బమ్ వేసినప్పుడు, 1985లోనే బయటికి నడిచిన రోజర్ వాటర్స్ మాట కూడా తీసుకున్నారు. వాళ్ళ మధ్య కోర్టు దాకా వెళ్ళిన వైరం ఉంది. అయినా పాటలు అతనివి కూడా కదా. సౌండ్ చూసుకున్న జేమ్స్ గత్రీ ఒక పాట చివర ఇంకో పాట మొదట కలిసిపోయేలా అన్నిటినీ అతికాడు. సంవత్సరాల వరస పట్టించుకోలేదు. విడిపోయిన మనుషులు ఆ అతుకుల్లో ఒకచోట ఉన్నారు.

మన తెలుగులో చౌరస్తా బ్యాండ్ ఉంది. హైదరాబాదు కుర్రాళ్ళు, జానపదానికి రెగే కలిపారు. వాళ్ళ 'ఊరెళ్ళిపోతా మామా' లింబాయత్‌లో ఉండేవాడు వింటే వరంగల్ టికెట్ రేటు అడుగుతాడు. దాన్ని పాడిన రామ్ మిరియాల తర్వాత బ్యాండ్ నుంచి విడిగా నడిచాడు. 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాడాడు, 'డీజే టిల్లు' పాటతో ఇంకా పెద్ద పేరొచ్చింది. రేపు చౌరస్తా వాళ్ళు గ్రేటెస్ట్ హిట్స్ వేస్తే, ఆ గొంతు పేరు మీద సినిమా పాటలు కూడా చేర్చమని అడిగేవాళ్ళు తయారవుతారు. చేర్చకూడదు. సినిమా పాట హక్కు ఆడియో కంపెనీదన్నది ఒక కారణం, అసలు కారణం వేరే. సినిమా పాటలో హీరో ముఖం ఉంటుంది. బ్యాండ్ పాటలో బ్యాండ్ ముఖమే ఉంటుంది. తెలుగువాళ్ళకి పాటంటే సినిమా పాటే అన్న అలవాటు ఎంత లోతుదంటే, ఒక్క సినిమా పాట పెట్టినా తక్కిన పదకొండూ దాని పక్కవాద్యాలైపోతాయి.

కానీ వాళ్ళ కరోనా పాట మాత్రం ఉండాలి. 2020 మార్చిలో చేతులు కలపొద్దని బతిమాలుతూ చౌరస్తా ఒక పాట కట్టింది, ఇంటింటా మోగింది. ఇప్పుడు ఎవరూ వెయ్యరు. కాలం చెల్లిన పాట అని పక్కన పెట్టేస్తారు. నేను మాత్రం కాలం చెల్లిన పాటకే గట్టిగా ఓటేస్తాను. ఆ నెలల్లో సూరత్‌లో సాంచాలు ఆగిపోయాయి. పన్నెండు గంటల మోత ఎరిగిన గల్లీల్లో మోత లేదు, పగారు లేదు, ఊరికి రైలు లేదు. పనివాళ్ళు ఊళ్ళకి పంపమంటూ రోడ్డెక్కారు. ఆ కాలం గుర్తు ఏ ఆల్బమ్‌లోనో ఒకచోట ఉండాలి కదా. మీ దగ్గరా ఒక సందర్భం కోసం కట్టి, ఆ సందర్భం దాటాక మరిచిపోయిన పాట ఉంటే దుమ్ము దులపండి.

కొత్త పాట వద్దు, పాత పాటని మళ్ళీ పాడొద్దు

పాత పాటలన్నీ కొనేసినవాళ్ళతో మళ్ళీ కొనిపించడానికి కంపెనీలు ఒకటో రెండో కొత్త పాటలు చేరుస్తాయి. 1993లో టామ్ పెటీ అలా చేర్చిన పాట పెద్ద హిట్టయింది. ఆ విషయం తెలిసి కూడా వద్దంటున్నాను. కొత్త పాట గొప్పదో కాదో తేల్చాల్సింది కాలం, మీరు కాదు.

పాతదాన్ని మెరుగుపరచడం ఇంకా పెద్ద తప్పు. ది పోలీస్ బ్యాండ్ 1986లో తమ హిట్ల ఆల్బమ్ కోసం 1980 నాటి ఒక పాటని మళ్ళీ రికార్డు చేసి, అసలుదాని బదులు కొత్తదాన్నే పెట్టింది. వేగం తగ్గింది, పదును పోయింది. మీ మొదటి రికార్డింగులో గిటారు శ్రుతి తప్పి ఉంటుంది, వెనక రిక్షా హారను వినబడుతూ ఉంటుంది. అలాగే ఉంచండి.

వరస, నిడివి, విడుదల

క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ వాళ్ళ 'క్రానికల్' (1976) 20 పాటల్ని దాదాపు కాలక్రమంలోనే పేర్చింది. నిజాయితీ గల పద్ధతి. దాన్ని తిరగేయమంటాను నేను. ఈ ఏటి పాట మొదట పెట్టండి, ఆఖరున మీ మొట్టమొదటి పాట రావాలి. ఇప్పుడున్న మిమ్మల్ని చూసి లోపలికి వచ్చినవాడు మీరు ఎక్కడ మొదలయ్యారో అక్కడిదాకా నడవాలి. కోపం పాటకి మాత్రం ఈ వరస వర్తించదు, దాని చోటు మూడోదే.

నిడివి 45 నిమిషాలు మించనివ్వకండి. ఎల్పీ రికార్డుకి రెండు పక్కలా కలిపి పట్టేది దాదాపు అంతే, క్యాసెట్ అయితే గంట. సీడీ వచ్చాక 74 నిమిషాలు దొరికాయి, అప్పటి నుంచి ఎంపిక అన్న పని బద్ధకించింది. ఫోన్లలో హద్దే లేదు కాబట్టి అన్నీ పెట్టేద్దామంటారు. హద్దు లేని చోట మీరే గీసుకోండి. 45 నిమిషాలంటే భోజనం విరామానికి కాస్త ఎక్కువ, పాళీకి ముందు టీ తాగి నడిచి వెళ్ళే దారికి సరిపోతుంది.

ఏసీ/డీసీ లాంటి బ్యాండ్లు అసలు గ్రేటెస్ట్ హిట్స్ అన్న పేరుతో ఏదీ వెయ్యమని భీష్మించుకున్నాయి. ఆల్బమ్‌ని ఆల్బమ్‌గానే వినాలన్నది వాళ్ళ పట్టు. గౌరవిస్తాను, ఒప్పుకోను. అన్ని ఆల్బమ్‌లూ వినే తీరిక రాత్రి పాళీ వాడికి లేదు.

విడుదల దీపావళికి పది రోజుల ముందు పెట్టండి. దీపావళికి కార్ఖానాలు మూతపడతాయి, జనం ఊళ్ళకి బయల్దేరతారు. సూరత్ దాటి నందుర్‌బార్, జల్గావ్ మీదుగా వరంగల్ దాకా పొడుగాటి ప్రయాణం, దారిలో చాలాచోట్ల ఫోనుకి సిగ్నల్ ఉండదు. అందుకని స్ట్రీమింగ్ లింకు మీద ఆధారపడకుండా మెమరీ కార్డుల్లో వేసి ఇవ్వండి. కార్డుతో పాటు ఒక కాగితం మడిచి పెట్టండి. దాని మీద ప్రతి పాట కిందా ఎవరు రాశారు, ఎవరు ఏ వాద్యం వాయించారు, ఏ ఏడు ఎక్కడ రికార్డు చేశారు అన్నీ ఉండాలి. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కూడా ఉండాలి. అన్నీ తెలుగు లిపిలోనే అచ్చు వేయించండి, మునిసిపల్ బడిలో నాలుగో తరగతి చదివే పిల్లవాడు కూడబలుక్కుని చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో.